ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్‌లో మాన్‌స్టెరా ఎక్కడ పెట్టాలి?

హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ యాడ్ చూసినా పెద్ద అక్షరాలతో కనిపించేది ఈస్ట్ ఫేసింగ్. అది మెయిన్ డోర్ సంగతి. ఆ డోర్ తెరిస్తే కారిడార్, లిఫ్టు, ఎదురింటివాళ్ల చెప్పుల స్టాండు. బాల్కనీ, హాలు కిటికీ చాలా ఫ్లాట్లలో దానికి సరిగ్గా వెనకవైపు, అంటే పడమరకు ఉంటాయి. అందుకే "మాది ఈస్ట్ ఫేసింగే, పొద్దుటి ఎండ వస్తుంది, మాన్‌స్టెరా తెచ్చుకోవచ్చా" అని, ఆ చీలికల పెద్ద ఆకుల ఇండోర్ మొక్క గురించి ఎవరైనా అడిగితే, కిటికీ ఎటువైపు ఉందో చూసి చెప్పండి అంటాను. వాస్తుకు గుమ్మం ముఖ్యం, మొక్కకు కిటికీ ముఖ్యం.

ఇంకో తిరకాసు కూడా ఉంది. యూట్యూబ్‌లో విదేశాల వాళ్లు చేసే వీడియోల్లో, దక్షిణం కిటికీకే వెలుతురు ఎక్కువ అని చెప్తారు. వాళ్ల ఊళ్లకు అది నిజమే. లండన్ 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి ఏడాది పొడవునా మధ్యాహ్నం సూర్యుడు అక్కడ దక్షిణం వైపే ఉంటాడు, ఆ మాటకొస్తే ఢిల్లీలో కూడా అంతే, అది కర్కట రేఖకు పైన ఉంది. మన హైదరాబాద్ ఉండేది 17.4 డిగ్రీల దగ్గర. మే 9 ప్రాంతంలో జీరో షాడో డే అని పేపర్లలో ఫొటోలు వేస్తారు చూడండి, మధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన సీసాకు నీడే ఉండదు, ఆ రోజు నుంచి మళ్లీ ఆగస్టు 3 ప్రాంతం దాకా సూర్యుడు పొద్దున్నుంచి సాయంత్రం వరకు మనకు ఉత్తరం వైపునే తిరుగుతాడు. అంటే రోహిణి కార్తెలో రోళ్లు పగులుతున్నా సరే, దక్షిణం కిటికీలో నేరుగా ఎండ పొడ కూడా పడదు! డిసెంబరు చివర్లో మాత్రం మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు, సజ్జ అడ్డం లేకపోతే అదే కిటికీలోంచి ఎండ నాలుగైదు అడుగులు లోపలికి వచ్చేస్తుంది. కాబట్టి సంక్రాంతికి బ్రహ్మాండంగా కనిపించిన చోటు జూన్‌లో, అందులోనూ మబ్బు పట్టాక, మొక్కకు చాలకపోవచ్చు. మొక్కకు ఇంట్లో పర్మనెంట్ అడ్రస్ ఉండాలని రూలేం లేదు, సీజన్‌ను బట్టి జరపండి.

ఇప్పుడు దిక్కుల వారీగా నా అభిప్రాయం. తూర్పు కిటికీ దొరికితే అదృష్టమే, తొమ్మిది దాకా పడే ఎండ మాన్‌స్టెరాకు హాయిగా సరిపోతుంది. ఉత్తరం వైపు ఎదురుగా బిల్డింగ్ లేకపోతే ఏడాదిలో ఎక్కువ భాగం నిలకడైన వెలుతురు, మనీ ప్లాంట్‌కు చాలా మంచి చోటు. పడమరతోనే టెన్షన్. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం మూడు నుంచి వచ్చే ఎండ, దానికి తోడు కాలిపోతున్న అద్దం. పల్చటి తెల్ల కర్టెన్ వేసి, ఆకు అద్దానికి తగలకుండా మూడు నాలుగు అడుగులు లోపల పెట్టాలి. ఒకసారి ఎండకు మాడి తెల్లబడి కాగితంలా అయిన మచ్చ మళ్లీ పచ్చబడదు, కొత్త ఆకు కోసం చూడటమే.

ఇండోర్ మొక్క అంటే నీడ మొక్క అనుకోవడం సగమే కరెక్ట్. మాన్‌స్టెరా దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న తేమ అడవుల తీగ. అడవిలో అది చెట్టు పట్టుకుని పైకి పాకేది వెలుతురు కోసమే. మన మనీ ప్లాంటూ అంతే, కుండీలో అరచేయంత ఆకు వేసే ఆ తీగే బయట పెద్ద చెట్టుకు పాకితే చేటంత ఆకులు వేస్తుంది. మాన్‌స్టెరా ఆకుకు చీలికలు రావడం లేదని చాలామంది ఎరువు మార్చి చూస్తుంటారు, మొక్క ఇంకా లేతదైనా రావు, వెలుతురు చాలకపోయినా రావు.

అసలు ఇబ్బంది మన కన్నుతో. చీకటికైనా వెలుగుకైనా అది ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి సోఫా పక్కన కూడా బాగానే వెలుతురు ఉందనిపిస్తుంది. లక్స్ అంటే వెలుతురును కొలిచే లెక్క, ఆ లెక్కన చూస్తే నడి ఎండ దాదాపు 1,00,000 లక్స్, రాత్రి ట్యూబ్‌లైట్ వేసిన హాలు కొన్ని వందల లక్స్. కిటికీ దగ్గర రెండు మూడు వేలు ఉన్న చోట నుంచి గది మధ్యకు వచ్చేసరికి రెండు మూడు వందలకు పడిపోవడం మామూలే. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, ఆకు ఉండే చోట ఫోన్‌ను కిటికీ వైపు తిప్పి పట్టుకోండి. అంకె పక్కాగా ఉండదు, కానీ ఈ మూలకూ ఆ మూలకూ తేడా తెలిసిపోతుంది. యాప్ గొడవ వద్దనుకుంటే, ఆకు ఉన్న చోట తల పెట్టి చూడండి. అక్కడి నుంచి కాస్తయినా ఆకాశం కనిపించాలి. మణికొండ, కూకట్‌పల్లి లాంటి చోట్ల పక్క బిల్డింగ్ గోడ తప్ప ఏమీ కనిపించని కిటికీలు ఎన్నో, ఆ గోడకు తెల్ల సున్నం ఉంటే కొంత నయం. దోమల మెష్, సన్ ఫిల్మ్, గ్రిల్ మీద ఆరేసిన దుప్పటి, అన్నీ తలా కొంచెం వెలుతురు మింగేస్తాయి. ఆకుల మీద మన రోడ్ల దుమ్ము కూడా. తడి గుడ్డతో తుడిస్తే పైసా ఖర్చు లేకుండా వెలుతురు పెరిగినట్టే.

వెలుతురు చాలకపోతే మొక్క చెప్తుంది. కాడలు సాగుతాయి, కణుపుకు కణుపుకు మధ్య దూరం పెరుగుతుంది, కొత్త ఆకు పాతదానికన్నా చిన్నదిగా వస్తుంది, మొక్క మొత్తం కిటికీ వైపు ఒరుగుతుంది. ఒరగడానికైతే వారం వారం కుండీని కాస్త తిప్పితే చాలు. చిక్కు నీళ్ల దగ్గర వస్తుంది. వెలుతురు తగ్గితే మొక్క నీళ్లు తాగడమూ తగ్గుతుంది, మట్టి రోజుల తరబడి తడిగానే ఉంటుంది, ఆకు పసుపు పచ్చబడగానే పాపం దాహమేమో అని ఇంకో చెంబు పోస్తాం, వేళ్లు కుళ్లిపోతాయి. వానాకాలంలో ఇంట్లో మొక్కలు పోవడానికి నాకు తెలిసినంతలో ఇదే పెద్ద కారణం. వేలు రెండు కణుపుల దాకా దింపి, పొడిగా తగిలితేనే పోయండి.

నర్సరీ నుంచి తెచ్చిన కొత్తలో కూడా తొందరపడొద్దు. అక్కడ గ్రీన్ షేడ్ నెట్ కింద పెరిగిన మొక్కను తిన్నగా టీవీ పక్కన పెట్టినా, ఏకంగా బాల్కనీ ఎండలో పెట్టినా బెంగ పడుతుంది. ముందు కిటికీ దగ్గర కొన్నాళ్లు ఉంచి, తర్వాత కొంచెం కొంచెంగా జరపండి.

కిటికీకి ఆకాశమే లేని ఫ్లాట్ అయితే మాన్‌స్టెరాతో కుస్తీ పట్టకండి, జీజీ ప్లాంటో స్నేక్ ప్లాంటో తెచ్చుకోండి, అవి తక్కువ వెలుతురును చాలాకాలం ఓర్చుకుంటాయి. మాన్‌స్టెరానే కావాలని పట్టుబడితే మంచి తెల్ల ఎల్ఈడీ గ్రో లైట్ ఒకటి ఆకులకు అడుగు ఎత్తులో బిగించి, ప్లగ్ టైమర్ పెట్టేయండి, రోజుకు పది పన్నెండు గంటలు. మొక్కకు కరెంటు బిల్లా అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. 20 వాట్ల బల్బు రోజూ 10 గంటలు వెలిగినా నెలకు 6 యూనిట్లే, ఏసీ ఒక రాత్రిలో అంత లాగేస్తుందని చెప్పండి.