దొంగతిండి తినలేదు మొర్రో

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 8.1 అని ఎక్కువగా వచ్చిన రోజు మావారు నా మొహం చూసి, "అయితే రాత్రిళ్లు ఫ్రిజ్ తలుపు చప్పుడు నీదేనన్నమాట" అన్నారు. తినలేదు మొర్రో అంటే వినేదెవరు? ఇంట్లో మీటరు మీద పరగడుపున 110, 120. తిన్న రెండు గంటలకి 150 దాటడం లేదు. అన్నీ క్యాలెండర్ మీద రాసే ఉంచాను. అప్పటి డాక్టరుగారు అది చూడకుండానే ఇంకో మాత్ర కలిపేశారు. దాంతో ఓ రాత్రి చెమటలు, వణుకు. షుగర్ 62. పంచదార డబ్బాలో చెయ్యి పెట్టి మావారికి దొరికిపోయాను!

మాది తెనాలి, ఇంట్లోనే కుట్టుమిషన్. అప్పటికే పెడల్ మీద కాలు ఉందో లేదో తెలిసేది కాదు. అరికాళ్లలో చీమలు పాకుతున్నట్టుండేది. ఓసారి కూరల బజారు నుంచి ఒంటి చెప్పుతో ఇంటికొచ్చాను. షుగర్ కదా, మామూలే అన్నారంతా. మెట్లెక్కితే ఆయాసం, నాలుక ఎర్రగా నున్నబడి మంట. వాటి సంగతి ఎవరూ అడగలేదు.

గుంటూరులో కొత్త డాక్టరమ్మ అడిగింది. హిమోగ్లోబిన్ 9.2. ఎర్రకణాలు ఉబ్బి, వాటి సైజు చెప్పే ఎంసీవీ 112, అది వంద దాటకూడదట. విటమిన్ బీ12 128 ఉంది, 200 కన్నా తగ్గితే లోపమే. పదకొండేళ్లుగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటున్నాను, అది బీ12ను సరిగ్గా ఒంటబట్టనివ్వదు. పైగా బీ12 దొరికే మాంసం, చేప సరే, గుడ్డు కూడా ముట్టని ఇల్లు మాది.

హెచ్‌బీఏ1సీ అంటే ఎర్రకణాల్లోని హిమోగ్లోబిన్‌కి అంటుకున్న చక్కెర లెక్క. బీ12 చాలక కొత్త కణాలు సరిగా పుట్టకపోతే రక్తంలో ముసలివే ఎక్కువ మిగులుతాయట. పాకంలో ఎక్కువసేపు నానిన కాజాలన్నమాట. అందుకే ఎర్రకణాలతో పనిలేని ఫ్రక్టోజమీన్ పరీక్ష చేయించింది. ఆల్బుమిన్ లాంటి ప్రొటీన్లకి రెండు మూడు వారాల్లో అంటిన చక్కెరని అది చెబుతుంది. మామూలుగానే వచ్చింది. మావారు ఆ కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు.

మెట్‌ఫార్మిన్ ఉంచి, కొత్త మాత్ర తీసేశారు. రోజు విడిచి రోజు బీ12 ఇంజెక్షన్లు, తర్వాత వారానికి, ఆపైన నెలకి ఒకటి. ముందు నాలుక మంట తగ్గింది, తర్వాత ఆయాసం. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 6.2! స్వీటు కొనబోతే డాక్టరమ్మ ఆపింది: "ఇదీ పూర్తి నిజం కాదమ్మా, ఇప్పుడన్నీ పసికణాలే, వాటికింకా చక్కెర సరిగ్గా అంటలేదు." ఇంకో నాలుగు నెలలకి 6.7 వచ్చింది. ఇది నమ్మొచ్చు అంది.

కాళ్లలో చీమలు చాలావరకు పోయాయి. ఎడమ చిటికెన వేలు మాత్రం ఇంకా మొద్దే. చెప్పులకి వెనక పట్టీ కుట్టించుకున్నాను.