మూడు నాబ్‌లు, ఒక బటన్: ఏటీటైనీ85తో మిడి కంట్రోలర్

ఏటీటైనీ85 అనే బుల్లి మైక్రోకంట్రోలర్ చిప్‌కు ఉన్నవి ఎనిమిది కాళ్లే. సప్లైకి రెండు, రీసెట్‌కు ఒకటి పోతే ఐదు మిగులుతాయి. మూడు నాబ్‌లు, ఒక బటన్, ఒక మిడి అవుట్ (సంగీత పరికరాలకు ఆదేశాలు పంపే దారి): లెక్క సరిపోయింది. యూఎస్‌బీ మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఈ చిప్‌లో సాఫ్ట్‌వేర్‌తో నడిచేది లో-స్పీడ్ యూఎస్‌బీ. మిడికి కావాల్సిన బల్క్ ఎండ్‌పాయింట్లు (డేటాను మూటలుగా పంపే మార్గాలు) లో-స్పీడ్‌లో నిషిద్ధం. అందుకే ఒక కంప్యూటర్‌లో పలికింది ఇంకోదాంట్లో మొరాయిస్తుంది. పాత ఐదు పిన్నుల డిన్ సాకెట్టే నయం.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో పాట్‌లు (నాబ్‌ల కింద ఉండే తిప్పుడు రెసిస్టర్లు) కొనేటప్పుడు బీ10కే (10 కిలో ఓమ్‌ల లీనియర్ రకం) అని గట్టిగా చెప్పండి. ‘ఏ’ అక్షరమున్న లాగ్ రకం ఇస్తే తిప్పుడంతా ఒక చివరే కుక్కుకుపోతుంది. 100కే అయితే ఏడీసీకి (వోల్టేజీని అంకెగా మార్చే భాగానికి) చాలినంత కరెంటు అందక ఒక నాబ్ రీడింగ్ పక్కదాంట్లోకి కారుతుంది. ఇవి కాక 220 ఓమ్‌ల రెసిస్టర్లు రెండు, ఒక 104 (0.1 మైక్రోఫారడ్) సిరామిక్ కెపాసిటర్, ఎనిమిది పిన్నుల ఐసీ బేస్.

పాట్‌ల నడి కాళ్లు 7, 3, 2 పిన్నులకు, చివరివి 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ. బటన్ 5వ పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య, లోపలి పుల్-అప్‌తో (నొక్కనప్పుడు పిన్నును 5 వోల్టుల వైపు పట్టి ఉంచే రెసిస్టర్). 6వ పిన్ను ఒక 220 మీదుగా డిన్ 5కి, సప్లై ఇంకో 220 మీదుగా డిన్ 4కి, డిన్ 2 గ్రౌండ్‌కి. డిన్ నంబర్లు 1, 4, 2, 5, 3 వరసలో ఉంటాయి. 4, 5 తారుమారైతే చప్పుడే ఉండదు. 104ని 8, 4 పిన్నులకు ఆనించి పెట్టండి.

అసలు తిప్పలు క్లాక్‌తోనే. కొత్త చిప్ 1 మెగాహెర్ట్జ్‌తో వస్తుంది. లో ఫ్యూజ్ (చిప్ సెట్టింగుల బైట్) 0xE2 చేస్తే 8 అవుతుంది. ఆ క్లాక్‌ను పుట్టించే లోపలి ఆసిలేటర్ ఫ్యాక్టరీ నుంచి 10 శాతం దాకా తప్పి ఉండొచ్చు. మిడి వేగం 31,250 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు), ఒప్పుకునే తేడా 1 శాతమే. బయట కచ్చితమైన క్రిస్టల్ పెడదామంటే రెండు నాబ్‌ల పిన్నులు పోతాయి. కాబట్టి టైమర్0ని సీటీసీ మోడ్‌లో (నిర్ణీత అంకె చేరగానే సున్నాకు వచ్చే పద్ధతి), ప్రీస్కేలర్ 8, ఓసీఆర్0ఏ 31తో పెట్టి 5వ పిన్నును టాగుల్ చేయించండి (అప్పుడు బటన్ నొక్కొద్దు). ఫ్రీక్వెన్సీ ఉన్న మల్టీమీటర్‌లో 15,625 హెర్ట్జ్ (క్లాక్ సరిగ్గా 8 మెగాహెర్ట్జ్ అయితే వచ్చేది) కనబడేదాకా ఓఎస్‌సీకాల్‌ని (ఆసిలేటర్ వేగాన్ని సవరించే రిజిస్టర్) ఒక్కొక్క అంకె మార్చి, ఆ విలువను ఈప్రామ్‌లో (కరెంటు పోయినా చెరగని మెమరీ) దాచండి. వోల్టేజీ, వేడి మారితే ఈ ఫ్రీక్వెన్సీ కూడా పక్కకు జరుగుతుంది; వాడబోయే చార్జర్‌తోనే, మే నెల ఎండల్లో మళ్లీ ఒకసారి చూడండి.

కోడ్ చిన్నదే. ఏడీసీ రీడింగ్‌ని మూడు బిట్లు కుడికి జరిపితే 0 నుంచి 127. పంపేది 176 (మొదటి చానల్‌లో కంట్రోల్ మార్పు), 74 (కంట్రోలర్ నంబరు; ఒక్కో నాబ్‌కు వేరేది), విలువ. అయితే రీడింగ్ 6 కంటే ఎక్కువ మారితేనే పంపాలి. లేకపోతే ముట్టుకోని నాబ్ కూడా వణుకుతూ మెసేజ్‌లు కుమ్మరిస్తుంది. రెండు చివర్లకు మాత్రం ఈ పట్టింపు సడలించండి, లేదంటే 0, 127 అందవు. బటన్‌కు 176, 123, 0 ఇస్తే ఇరుక్కుపోయిన స్వరాలు ఆగుతాయి.

ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు చిప్‌ని బేస్‌లోంచి తీయండి. 7వ పిన్ను మీది పాట్ ఒక చివర ఉంటే ప్రోగ్రామర్‌కు చిప్ అసలు దొరకదు.