సంచిలో చెయ్యి

సంచికకు కళాశాల జ్ఞాపకాలన్నీ రాసి పంపమని నిర్వాహక సంఘం వారు పదే పదే అడిగారు. అయితే 1979లో తిరుపతి పశువైద్య కళాశాలలో అడుగుపెట్టిన మన బ్యాచ్ సంగతులలో నాకు నిలిచినవి మొదటి ఏడాదివే. ఆ తరువాత చదివిన పరాన్నజీవులన్నీ పరీక్ష హాలులోనే నన్ను విడిచి వెళ్లాయి. ఫిజియాలజీ ప్రయోగశాలలో సైతం కప్ప కండరం గీసిన గీతల కంటే వాటిని నమోదు చేసే కైమోగ్రాఫ్ యంత్రపు డ్రమ్ము మసి మన తెల్లకోట్ల మీద గీసినవే ఎక్కువ గుర్తున్నాయి.

అనాటమీ మాస్టారి సంగతి వేరు. కళేబరం చెడకుండా పట్టించే ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండి మనం కళేబరానికి దూరం జరిగినప్పుడల్లా, "కళ్లు మూసుకోండి నాయనా, చేతులు పెట్టండి" అనేవారు. ఎముకల వైవాకు, అంటే మౌఖిక పరీక్షకు, ఆయన తెచ్చే గుడ్డసంచిని ఎవరు మరువగలరు? చెయ్యి లోపలే ఉంచి, ఎముక ఏదో, ఏ పశువుదో, కుడిదో ఎడమదో చెప్పాలి. భుజపు పలక ఎముక మీది గట్టు కింది చివర ముందుకు పొడుచుకు వచ్చి వేలికి తగిలితే ఆవుది. తగలకుండా చదునుగా దిగిపోతే గుర్రానిది. ముంగాలి మోకాలి కింద ఉండే మెటాకార్పల్ ఎముక కింది కొన రెండుగా చీలితే ఆవు, ఒక్కటిగా ఉంటే గుర్రం. సంచిలో కొబ్బరిచిప్ప వేసిన రోజున "ఎడమది సార్" అని ధైర్యంగా చెప్పినవాడి పేరు అచ్చులో వేయనని మాట ఇచ్చాను కనుక ఇక్కడ రాయడం లేదు. మెడలోని మొదటి రెండు ఎముకల పేర్లతో మనం పిలుచుకున్న జంట మిత్రులైన అట్లాస్, ఆక్సిస్‌లను విడివిడిగా వైవాకు పిలవాలన్న ఆలోచన కూడా మాస్టారిదే.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి, ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో, లాంతరు వెలుగులో ఈనలేక పడి ఉన్న గేదె దగ్గరకు తీసుకువెళ్లారు. రెండు కాళ్లు బయటకు వచ్చాయి, తల జాడ లేదు. తల వెనక్కి మడతపడిందని, దూడ దక్కదని ఊరివారు తీర్మానించారు. చెయ్యి లోపలికి పంపి, గిట్ట పైనున్న కీలు దాటి రెండో కీలును తడిమితే, అది మొదటి దానికి ఎదురు దిక్కున వంగింది. దాని వెనుక మడమ ఎముక మొన గట్టిగా తగిలింది. ముంగాలి మోకాలైతే రెండూ ఒకే దిక్కుకు వంగాలి. అవి వెనక కాళ్లు, తల కోసం వెతకవలసిన పనే లేదు. వెనుక నుంచి వచ్చే దూడకు బొడ్డుతాడు కటి ఎముకల మధ్య నలుగుతుంది కనుక ఇక ఆలస్యం చేయకుండా లాగించాను. పెయ్యదూడ బతికింది. ఆ ఇంటివారు నేను జాయింట్ డైరెక్టరుగా విరమించిన తరువాత కూడా గేదె ఈనబోతే కబురు చేస్తారు. మనుమల పెళ్లిళ్లకు పిలుస్తారు.

మన ఆక్సిస్ అమెరికాలో కుక్కలకు, పిల్లులకు పెద్ద క్లినిక్ నడుపుతున్నాడు. స్కానింగ్ లేకుండా ఆ రాత్రి ఎలా తేల్చావని ఫోనులో ఆశ్చర్యపడతాడు. సంచి పరీక్షలో నాకంటే ఎక్కువ మార్కులు వచ్చింది వాడికే.