తాపీ మేస్త్రీతో అజ్టెక్ రూయిన్స్‌లో ఒక పూట

అసలు మేము బయలుదేరింది చాకో కాన్యన్‌కు. అంతకు ముందు వారమే నాన్నకు గ్రాండ్ కాన్యన్ చూపించాను. "బాగుందమ్మా, కానీ అది దేవుడి పని. మనుషులు కట్టింది ఏదైనా ఉంటే చూపించు" అన్నారు. నలభై ఏళ్లు తాపీ పట్టిన మనిషి మరి. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో మనుషులు కట్టింది అంటే ముందుగా గుర్తొచ్చేది ఇక్కడి ఆదివాసులైన ప్యూబ్లో ప్రజల పూర్వీకులు చాకోలో కట్టిన రాతి భవనాలే.

జూలై నెల, ఇక్కడ ఉరుముల వానల కాలం. అల్బుకర్కీ నుంచి 550 హైవే మీద రెండున్నర గంటలు హాయిగా సాగింది. చాకో మలుపు తిరిగిన కాసేపటికి తారు రోడ్డు అయిపోయింది. ఇక మిగిలింది 13 మైళ్ల మట్టిదారి. రెండు మైళ్లయినా పోకముందే రాత్రి వానకు నానిన బురదలో కారు పక్కకు జారింది. ఎదురుగా ట్రక్కులో వస్తున్న ఒకాయన ఆగి, ముందున్న వాగు దాటలేరు, వెనక్కి వెళ్లండి అన్నాడు. వానపడితే ఆ దారి పనికిరాదని ముందే చదివాను. చదివి కూడా మొండికేసి వచ్చాను. మీరు అలా చేయకండి.

వెనక్కి తిరిగి అదే హైవే మీద ఉత్తరంగా గంటసేపు వెళితే అజ్టెక్ అనే చిన్న ఊరు వస్తుంది. ఊరి అంచున, అనిమాస్ నది పక్కనే అజ్టెక్ రూయిన్స్ అనే ఈ శిథిలాలు. పేరు చూసి మోసపోవద్దు, మెక్సికోలోని అజ్టెక్‌లకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. 19వ శతాబ్దంలో వచ్చి స్థిరపడిన తెల్లవాళ్లు ఇంత పెద్ద కట్టడం వాళ్లదే అయి ఉంటుందనుకుని ఆ పేరు పెట్టేశారు. కట్టింది హోపీ, జూనీ, ఇతర ప్యూబ్లో ప్రజల పూర్వీకులు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఇక్కడికి తమ పెద్దల ఇంటికి వచ్చినట్టే వస్తారు. తప్పని తేలాక కూడా బోర్డు మీద పేరు మారలేదు.

మ్యూజియం ముందు చూసి గోడల దగ్గరకు వెళ్లడం మంచిది. చిన్నదే, అరగంట చాలు. ఆ భవనంలో ఒక భాగం 1916లో ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టిన పురావస్తు పరిశోధకుడు ఎర్ల్ మారిస్ ఉన్న ఇల్లు. యుక్కా అనే ఎడారి మొక్క నారతో అల్లిన చెప్పులు, తెలుపు మీద నల్ల గీతల కుండలు నేను చూస్తుంటే, నాన్న మొక్కజొన్నలు నూరే రాయి దగ్గర ఆగిపోయారు. మధ్యలో పల్లంగా అరిగిపోయిన రాయి, దాని మీద చేతిరాయి. "సన్నికల్లు, పొత్రం. ఇంత అరిగిందంటే ఎంతమంది ఆడవాళ్ల నడుములు పోయాయో" అన్నారు. పక్కనున్న వివరణ పలకలో ఆ మాట లేదు.

బయట నడక అర మైలే కానీ, 5,600 అడుగుల ఎత్తు కాబట్టి ఎండ గట్టిగా తగులుతుంది. నీళ్లు తీసుకెళ్లాలి. పడమటి భవనంలో 400కు పైగా గదులు, కొన్నిచోట్ల మూడంతస్తులు. ప్రధానంగా క్రీ.శ. 1100, 1130 మధ్య కట్టింది. నాన్నకు అంకెలు పట్టలేదు. విరిగిన ఒక గోడ అంచు దగ్గర వంగి చూసి పాఠం మొదలుపెట్టారు. "రెండు వైపులా చెక్కిన రాయి, మధ్యలో రాళ్ల ముక్కలు, మట్టి. సందుల్లో చిన్న రాళ్లు దిగ్గొట్టారు చూడు, అందుకే నిలబడింది." పడమటి గోడ పొడవునా ఆకుపచ్చ రాయి పట్టీలా సాగుతుంది. అది చూసి "ఇది అవసరానికి కట్టింది కాదు, ముచ్చటకు కట్టింది" అని తేల్చేశారు.

మరమ్మతుల సంగతి చెప్పగానే కోపం వచ్చింది. తొలినాళ్లలో అతుకులకు సిమెంటు వాడారు. గోడలోకి దిగిన తేమను సిమెంటు బయటకు పోనివ్వదు, దాంతో పక్కనున్న మెత్తని ఇసుకరాయి పొరలు పొరలుగా రాలుతుంది. తవ్విన గదుల్లో కొన్నింటిని కాపాడుకోవడానికి మళ్లీ మట్టితో నింపేశారు. "ఆ పని బాగుంది" అన్నారు.

ఆ తర్వాత పైకప్పులు నిలిచి ఉన్న గదుల వరుస. ఒకదాని నుంచి ఇంకోదానిలోకి పోవాలంటే ప్రతి గుమ్మం దగ్గరా బాగా వంగాలి. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఈ భాగం మానుకోవచ్చు. మానుకోమంటే నాన్న వినలేదు. గుమ్మానికో నిట్టూర్పుతో దాటారు. లోపల చల్లగా, మసకగా ఉంది. తలపైన దూలాలు కొండల నుంచి మోసుకొచ్చినవి, తొమ్మిది వందల ఏళ్లుగా అదే బరువు మోస్తున్నాయి. చెట్టు వలయాలు లెక్కబెట్టి వాటిని ఏ ఏడు నరికారో చెప్పగలుగుతున్నారు.

గోడలు తాకకూడదు. నాన్న చెయ్యి అలవాటుగా లేస్తుంటే, నేను చూస్తున్నానని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నారు. ఒకచోట రాళ్ల మధ్య మట్టిలో వేళ్లతో నొక్కిన గుర్తులు కనిపించాయి. నాన్న ఫోను దీపం దగ్గర పెట్టమని చాలాసేపు చూశారు. తర్వాత తన చూపుడు వేలిని తాకకుండా గుర్తుకు ఎదురుగా పట్టి, "నా వేలికన్నా సన్నం. కుర్రాడో, ఆడమనిషో" అన్నారు.

చివరగా గ్రేట్ కివా. మారిస్ దీన్ని 1934లో తిరిగి కట్టించాడు. గుండ్రటి పెద్ద సభాస్థలం, నాలుగు స్తంభాలు, ఎరుపు తెలుపు పూత. మెట్ల దగ్గర నాన్న చెప్పులు విప్పబోతే అక్కడున్న రేంజరు, అంటే పార్కు ఉద్యోగి, నవ్వుతూ అవసరం లేదన్నారు. ప్యూబ్లో ప్రజలకు ఇది పవిత్ర స్థలమే కాబట్టి నాన్న విప్పబోవడమే సబబని నాకనిపించింది. కప్పు అసలు ఇంత ఎత్తు ఉండేదా అని పండితుల్లో వాదం ఉంది. నాన్న మాత్రం స్తంభాల కింద దిమ్మెలు చూసి తృప్తిపడ్డారు.

వెళ్లే ముందు సందర్శకుల పుస్తకంలో ఏదైనా రాయమన్నాను. తెలుగులోనే రాశారు: "గోడ పని బాగుంది. సిమెంటు వాడకండి."