18 లక్షల రూపియాల కిటికీ

నిన్న ఇండోనేషియాలోని యోగ్యకర్తలో ఒక చిన్న వేలంపాటకి వెళ్ళాను. అన్నీ కుర్ర చిత్రకారుల బొమ్మలే. పాట 10 లక్షల రూపియాల దగ్గర మొదలు. కంగారు పడకండి, మన డబ్బుల్లో ఐదు వేల చిల్లర!

ఇదే ఊళ్ళో చదువుకున్న చిత్రకారుడు న్యోమన్ మస్రియాది బొమ్మ 2008లో హాంకాంగ్ వేలంలో సుమారు 10 లక్షల డాలర్లు పలికింది. అంత స్తోమత ఎవరికుంటుంది? నాలాంటి జీతగాళ్ళకి ఇలాంటి పాటలే దిక్కు.

నాకు నచ్చింది ఒక బాతిక్ బొమ్మ. మూరెడు బట్ట మీద వంటింటి కిటికీ. చాంతింగ్ అనే రాగి ముక్కు కలంతో కరిగిన మైనం గీసి, బట్టని రంగులో ముంచుతారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. దగ్గరికెళ్ళి చూస్తే, మైనం బీటలు వారినచోట రంగు దూరి వెంట్రుకంత సన్నటి నీలి గీతలు. శ్రీకాళహస్తి కలంకారీ కలం గుర్తొచ్చి మనసు నిండిపోయింది.

12 లక్షలు, 15 లక్షలు... టెన్షన్‌తో చేతిలో నంబర్ అట్ట చెమటకి మెత్తబడిపోయింది. 18 లక్షలకి నాకే దక్కింది.

గీసిన అమ్మాయి పరుగున వచ్చి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, "తెరిమా కాసిహ్, బు" (థాంక్సండీ, అమ్మా) అంది. ఆమె గోళ్ళ చుట్టూ ఇంకా నీలం రంగే.