జామెట్రీ బాక్స్ ఎగిరిన పీరియడ్

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు ఏదైనా రాయమని కమిటీ వాళ్ళు అడగ్గానే లెక్కల మాస్టారే గుర్తొచ్చారు. ప్రార్థన, మైదానం కథలు ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు. పదో తరగతి మొత్తం వాళ్ళకే వదిలేస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు తరగతి నిర్వహణ నేర్పడం ఇప్పుడు నా పని. వాళ్ళకు నేను చెప్పేదాంట్లో చాలాభాగం ఆ గదిలో మనందరం కళ్ళారా చూసిందే.

తొమ్మిదిలో కిటికీ పక్కవాడు బాక్స్ విసిరిన రోజు ఎవరూ మరిచిపోయి ఉండరు. (వాణ్ణి అడిగే రాస్తున్నాను.) కంపాస్ ఒక మూలకి, కోణమానిని ఒక మూలకి, బల్ల పక్కకి. మాస్టారు ఏమీ చేయలేదనే మనమంతా అనుకున్నాం. కానీ ఆ రెండు నిమిషాల్లో ఆయన చాలా చేశారు, అదీ ఒక వరుసలో.

ముందు చేతిలోని సుద్దముక్క, పుస్తకం బల్ల మీద పెట్టేశారు. ఖాళీ చేతులు కనిపించేలా కిందికి వదిలారు. వాడి వైపు నడిచి, రెండు చేతుల దూరంలో ఆగి, కాస్త పక్కకి తిరిగి నిలబడ్డారు. తలుపుకీ వాడికీ మధ్యలోకి మాత్రం వెళ్ళలేదు. కొత్త టీచర్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. దారి మూసుకుపోయిందనిపిస్తే కోపంలో ఉన్న పిల్లవాడికి తోసుకుని పోవడం తప్ప ఇంకేం తోచదు. భుజం మీద చెయ్యి వేయడమూ అంతే. మామూలప్పుడు ఓదార్చే చెయ్యే ఆ క్షణంలో పట్టుకోవడానికి వచ్చినట్టుంటుంది.

తర్వాత గొంతు తగ్గించి, వాడి పేరు ఒక్కసారి పిలిచి, "చాలా కోపంగా ఉన్నావు, తెలుస్తోంది" అన్నారు. అని ఊరుకున్నారు. "ఎందుకు విసిరావు?" అని అడగలేదు. అడ్రినలిన్ ఎక్కి గుండె దడదడలాడుతున్నప్పుడు ఆలోచించి మాట పేర్చడం ఎవరివల్లా కాదు. పొడుగు వాక్యాలు చెవికెక్కవు. "ముందు శాంతించు" అంటే తననే తప్పుపడుతున్నట్టు వినిపిస్తుంది. నాలుగైదు మాటలు చెప్పి, పది సెకన్లు మౌనంగా ఉండాలి. ఈ పది సెకన్లే అన్నిటికన్నా కష్టం. టీచర్ గుండె కూడా కొట్టుకుంటూనే ఉంటుంది, గదంతా చూస్తుంటుంది, ఏదో ఒకటి అనకపోతే ఓడిపోయినట్టనిపిస్తుంది. ఆగలేక అనేసిన మాటకి పిల్లవాడు ఇంకో మాట అంటాడు, ఇద్దరిలో ఎవరూ వెనక్కి తగ్గలేని చోటికి చేరతారు.

ఆ మౌనంలోనే మన వైపు తిరిగి ఏమన్నారో గుర్తుందా? "112వ పేజీ, నాలుగో లెక్క." అందరం తలలు దించాం. చూసేవాళ్ళు లేకపోతే పరువు కోసం పోట్లాడాల్సిన పని సగం తగ్గుతుంది. ఒకణ్ణి మందలించిన తీరు చూస్తున్న మిగతావాళ్ళ నడవడిని కూడా మారుస్తుందని జేకబ్ కూనిన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త తరగతి గదులను పరిశీలించి చెప్పాడు. వస్తువులు ఇంకా ఎగురుతుంటే, ఎవరికైనా దెబ్బ తగిలేలా ఉంటే, పక్క తరగతి టీచర్‌కి కబురు పెట్టి మిగతా పిల్లల్నే బయటికి పంపాలి. కోపంలో ఉన్నవాణ్ణి ఈడ్చుకెళ్ళబోతే దెబ్బలు తగిలేది అప్పుడే.

"నీళ్ళు తాగి వస్తావా, ఇక్కడే కూర్చుంటావా?" అన్నది ఆయన చివరి మాట. రెండింట్లో ఏది ఎంచుకున్నా మాస్టారికి సమ్మతమే. "కూర్చుంటావా, హెడ్మాస్టర్ దగ్గరికి పోతావా?" అంటే అది బెదిరింపే. అడిగేసి ఆయన వెనక్కి నడిచి మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళారు. జవాబు కోసం నెత్తిన నిలబడితే వాడు రెండూ కాదంటాడు.

ఇలాంటి కోపాన్ని జెఫ్ కొల్విన్ అనే విద్యార్థి ప్రవర్తన నిపుణుడు ఏడు దశలుగా విడగొట్టాడు: నెమ్మది, కదిలించే సంఘటన, చికాకు, పెరుగుదల, శిఖరం, దిగడం, కోలుకోవడం. క్లాసులో నేను ఈ దశల్ని ఎక్కి దిగే గీతగా గీసి ఆరో దశ దగ్గర చాలాసేపు ఆగుతాను. పిల్లవాడు కూర్చున్నాడు కదా అని టీచర్ అప్పుడే క్లాసు పీకడం మొదలుపెడతాడు. పైకి చల్లబడినా ఒళ్ళు సర్దుకోవడానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఈలోగా చిన్న మాట చాలు, మళ్ళీ మొదటికొస్తుంది. మాస్టారు ఆ రోజంతా ఆ ఊసే ఎత్తలేదు.

వాడికి శిక్షే పడలేదని మనలో కొందరికి ఇప్పటికీ కినుక. మర్నాడు ప్రార్థనకి ముందే వాణ్ణి పిలిచి ఏం జరిగింది, ఎవరికి ఇబ్బంది అయింది, ఇప్పుడేం చేస్తావు అని మూడే అడిగారు. ఒరిగిన బల్లకి మేకులు కొట్టింది వాడే. ముందు బెంచీ అమ్మాయి దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పిందీ వాడే, మనమెవరం లేనప్పుడు. నలుగురి ముందు చెప్పిస్తే అది ఇంకో గొడవకి విత్తనం అవుతుంది.

నేను ఈ పనిలో చేరాక మాస్టారు తన పాత నోట్‌బుక్ చూపించారు. పేజీకి మూడు గళ్ళు: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, వెంటనే ఎవరేం చేశారు. వాడి పేరు మీద ఉన్నవన్నీ పేపర్లిచ్చిన రోజులే. మార్కులు పైకి చదివి, తక్కువ వచ్చినవాళ్ళని చివర పిలిచే రోజులు. ఆ తర్వాత నుంచే ఆయన పేపర్లు బోర్లించి, పేరు చూసి ఎవరి బల్ల మీద వాళ్ళకి పెట్టడం మొదలుపెట్టారు. బాక్స్ మళ్ళీ ఎగరలేదు.

మనలో టీచర్లయినవాళ్ళు చాలామంది ఉన్నారని విన్నాను. ఆ మూడు గళ్ళూ ఇంటికి వెళ్ళేలోపే నింపండి; మర్నాటికి మొదటి గడిలో రాయాల్సింది మరుపొచ్చి, మూడో గడిలోది మాత్రమే మిగులుతుంది. "మొండి", "పొగరు" లాంటి మాటలు వద్దు, కంటికి కనిపించినదీ చెవికి వినిపించినదీ రాయండి. పీరియడ్, టైము తప్పక వేయండి. ఒక్కసారి రాసినదాన్ని బట్టి ఏమీ తేలదు. మూడు నాలుగు అయ్యాక మొదటి గడిని మాత్రం పైనుంచి కిందికి చదవండి.