తప్పు జవాబుకూ ‘తెలియదు’కూ ఒకే సున్నా

గుండెపోటు వచ్చి స్టెంటు వేయించుకున్నవారికీ, బైపాస్ ఆపరేషన్ అయినవారికీ కొన్ని వారాలపాటు వ్యాయామం, ఆహారం, మందుల విషయంలో శిక్షణ ఇచ్చే గుండె పునరావాస విభాగంలో నేను ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. ఇక్కడికి వచ్చేవారిలో షుగర్ ఉన్నవారికి కొదవ లేదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలివారి ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది కనుక అందులో ఆశ్చర్యపడవలసిందీ లేదు. వీరిలో చాలామందికి గుండెజబ్బు కొత్తదే గానీ షుగర్ పాత చుట్టం. అందువల్ల దాని గురించి కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ లేదన్న ధీమా వారి మాటల్లో కనిపిస్తుంది. ఆ ధీమా వెనుక ఎంత తెలుసో కొలిచి చూడకుండా పాఠాలు చెప్పడం వల్ల ప్రయోజనం తక్కువని నా అభిప్రాయం.

కొలవడానికి సాధనాలు లేకపోలేదు. మిషిగన్ విశ్వవిద్యాలయంవారు 1998లో ప్రచురించిన మధుమేహ పరిజ్ఞాన పరీక్షలో 23 ప్రశ్నలుంటాయి. వాటిలో 14 అందరికీ వర్తించేవి, మిగిలిన 9 ఇన్సులిన్ వాడేవారి కోసం. మూడు నెలల షుగర్ పరీక్ష దేనిని చూపుతుంది, పాదాలను ఎలా చూసుకోవాలి, కాళ్ళు తిమ్మిరెక్కడం దేనికి సూచన వంటి ప్రశ్నలు ఎక్కడివారికైనా పనికివస్తాయి. పిండిపదార్థం దేనిలో ఎక్కువ అని అడుగుతూ స్విస్ చీజ్‌నూ, కాల్చిన బంగాళాదుంపనూ, వేరుశనగ వెన్ననూ ముందు పెట్టే ప్రశ్న మాత్రం మనవాళ్ళ దగ్గర చెల్లదు. ఆ చోట మేము ‘రాత్రిపూట అన్నం మానేసి చపాతీలు తింటే, ఎన్ని తిన్నా షుగర్ పెరగదు’ అన్న వాక్యం పెట్టి, అవునో కాదో చెప్పమంటాము. దానికి వచ్చినన్ని తప్పు జవాబులు మరే ప్రశ్నకూ రావు. జొన్నరొట్టెను, రాగిముద్దను మందులా భావించి లెక్కలేకుండా తినేవారు కూడా ఈ కోవకే చెందుతారు.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆహారం ప్రశ్న కాదు. ఇంటి దగ్గర కూర్చున్న షుగర్ రోగికి అవసరం లేని కొన్ని విషయాలు గుండె పునరావాసంలో ఉన్న షుగర్ రోగికి తెలిసి ఉండాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్, గ్లైక్లజైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారికి వ్యాయామంతో షుగర్ డౌన్ అయ్యే అవకాశం ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఆ భయం చాలా తక్కువ. ఇన్సులిన్ లేదా అటువంటి మాత్రలు వాడేవారికి వ్యాయామానికి ముందు షుగర్ 90 కన్నా తక్కువగా ఉంటే ఏదైనా తిని మొదలుపెట్టాలని అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ సూచిస్తుంది. దీనికి తోడు గుండెపోటు తరువాత చాలామందికి మెటోప్రొలాల్, కార్వెడిలాల్ వంటి, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు రాస్తారు. షుగర్ పడిపోయినప్పుడు చేతులు వణకడం, గుండె దడదడలాడడం అన్న హెచ్చరికలను ఆ మాత్రలు అణచివేస్తాయి. అణగకుండా మిగిలేది చెమట. ట్రెడ్‌మిల్ మీద నడిచే మనిషికి చెమట పట్టడం సహజమే కాబట్టి, ఆ మిగిలిన ఒక్క హెచ్చరికను కూడా అతడు వ్యాయామం ఖాతాలో వేసేస్తాడు. ఈ ముడి గురించి మిషిగన్ పరీక్ష అడగదు. అది తయారైంది గుండె రోగుల కోసం కాదు కనుక దాన్ని తప్పుపట్టనూ లేము.

ఈ లోటు ఎలా బయటపడుతుందో చెప్పడానికి రిటైరైన ఒక మాస్టారి సంగతి చెబుతాను. వ్యాయామం వల్ల షుగర్ తగ్గుతుందా అన్న ప్రశ్నకు ఆయన తడుముకోకుండా అవునని రాశారు, మార్కు కూడా వచ్చింది. ఆ రోజు ఉదయం గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని, టిఫిన్ చేయకుండా వచ్చారు. ఎందుకని అడిగితే, “ఎక్సర్‌సైజు పరగడుపునే చేయాలి కదమ్మా” అన్నారు. వేలికి సూది గుచ్చి చూస్తే 78 ఉంది. గ్లూకోజు కలిపిన నీళ్ళు తాగించి, పావుగంట కూర్చోబెట్టి, మళ్ళీ చూసిన తరువాతే నడవనిచ్చాము. అడిగిన ప్రశ్నకు ఆయన జవాబు సరైనదే. మాత్ర, ఖాళీ కడుపు, వ్యాయామం మూడూ కలిస్తే ఏమవుతుందన్నది ఎవరూ ఆయనను అడగలేదు.

ఇక మార్కుల లెక్క. కెనడాలోని టొరంటో పునరావాస పరిశోధకుల బృందం 2015లో ప్రచురించిన కేడ్-క్యూ 2 అనే హృద్రోగ ప్రశ్నావళిలో 31 ప్రశ్నలు ఉంటాయి. పూర్తిగా సరైన జవాబుకు 3 మార్కులు, కొంత సరైనదానికి 1, తప్పుకు సున్నా, ‘తెలియదు’ అన్నా సున్నాయే. మొత్తం జ్ఞానాన్ని ఒక అంకెలో చెప్పడానికి ఆ పద్ధతి సరిపోతుంది. వ్యాయామశాలలో నిలబడి చూస్తే మాత్రం ఆ రెండు సున్నాలూ ఒకటి కావు. తెలియదన్నవారు చెబితే వింటారు, సందేహం వస్తే అడుగుతారు. షుగర్ మాత్ర వేసుకుని పరగడుపున నడవడమే మంచిదని గట్టిగా నమ్మినవారు అడగరు, మనం గమనించేలోపు నడక మొదలుపెడతారు. అందుకే మేము తప్పులనూ, ‘తెలియదు’లనూ వేర్వేరు గడుల్లో రాసి, తప్పులు ఎక్కువ ఉన్నవారితో ముందు మాట్లాడుతున్నాము.

ఇందులో చిక్కులూ ఉన్నాయి. తెల్లకోటు ముందు తెలియదని చెప్పడానికి మొహమాటపడి, ప్రతి వాక్యానికీ తల ఊపుతూ అవును అనేవారు ఎక్కువ. దానికి విరుగుడుగా సగం వాక్యాలను తప్పుగా ఉండేటట్లే రాసుకున్నాము. చదవడం రానివారికి మేమే చదివి వినిపించాలి, అప్పుడు మా గొంతులోని ఊతం కూడా జవాబును అటో ఇటో తిప్పుతుంది. శిక్షణ చివర అవే ప్రశ్నలు మళ్ళీ ఇస్తే, పెరిగిన మార్కులలో జ్ఞాపకశక్తి వాటా ఎంతో తేల్చడం కష్టం. మార్కులు పెరిగినంత మాత్రాన మూడు నెలల షుగర్ తగ్గుతుందన్న హామీ కూడా లేదు.

అన్నిటికన్నా తమాషా అయినది మరొకటి ఉంది. ఆహారం గురించిన ప్రశ్న భర్తకు వేస్తే జవాబు భార్య చెబుతుంది. మొదట్లో ఆవిడను బయట కూర్చోమనేవాళ్ళం, కొలత పాడవుతుందని. ఇప్పుడు ఆవిడకు వేరే కాగితం ఇస్తున్నాము. ఇంట్లో కంచంలో ఏది ఎంత పడాలో నిర్ణయించేది ఆవిడే అయినప్పుడు, ఆహార విభాగంలో ఆవిడ మార్కులే మాకు ఎక్కువ పనికివస్తాయి. షుగర్ పడిపోయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం ఇద్దరికీ ఉంటుంది. స్పృహ తప్పిన మనిషి నోట్లో పంచదార నీళ్ళు పోయకూడదన్న సంగతి ఆ మనిషికన్నా పక్కనున్నవారికే తెలియాలి.